ఒక్కొక్కరికి ఒక నిమిషం

విచారణకు వెళ్లే దారిలో హెర్మీనియా తమ్ముడికి చెప్పేసింది.

"ఇవాళ నేను కూడా మాట్లాడుతున్నాను రా."

నెస్టర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నాడు. డ్రైవరు లేని టాక్సీలు రాత్రీపగలూ ఊరంతా కిరాయికి తిరగవచ్చా లేదా అన్నది రాష్ట్ర కమిషన్ ఆ రోజు తేల్చబోతోంది. వద్దని చెప్పడానికే అతను బయలుదేరాడు.

"మా వైపేనా అక్కా?"

"నా వైపు."

నెస్టర్ అద్దంలో వెనక్కి చూశాడు. అక్కకు చూపు పోయి చాలా కాలమైంది. ఆమె కాళ్ల దగ్గర దారి చూపే కుక్క ముడుచుకుని పడుకుంది.

"అంటే నన్ను ముంచడానికి వస్తున్నావన్నమాట."

"నువ్వు మునిగే ఉన్నావు కదరా. రోజూ నీ ఏడుపు వింటూనే ఉన్నాగా."

హాలు కిక్కిరిసి ఉంది. ఒక్కొక్కరికి ఒక నిమిషం. మంటలార్పే బండికి అలాంటి టాక్సీ ఒకటి అడ్డం నిలిచిపోతే, పక్కకు తియ్యమని చెప్పడానికి లోపల మనిషే లేడని అగ్నిమాపక అధికారి చెప్పాడు. వీధులు మావే గానీ అనుమతి ఇచ్చే అధికారం మాకు లేదని నగరపాలక సంస్థ లాయరు చెప్పింది. ఎన్నోసార్లు చెప్పి అలసిపోయిన గొంతు ఆమెది. మధ్యాహ్నం దాటాక అక్కాతమ్ముళ్లు సంచిలోని పాన్‌దెసాల్ రొట్టెలు తుంచుకు తిన్నారు.

హెర్మీనియా పేరు పిలిచారు.

"టాక్సీ వచ్చి ఆగుతుంది. కుక్కను చూసి వెళ్లిపోతుంది. వానలో నిలబడి ఆ చప్పుడు దూరమవడం వింటాను. నా తమ్ముడు కూడా డ్రైవరే, మంచివాడు. కానీ ఊరంతటికీ వాడొక్కడే కదా. ఈ కొత్త బండి వెళ్లిపోదు. నాకంతే చాలు."

తర్వాత నెస్టర్ వంతు. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంచేశాడు.

"మా అక్క చెప్పింది నిజం. అలా వెళ్లిపోయేవాళ్లు నాకు తెలుసు. నేనోసారి సైకిలాయన్ని గుద్దాను. చెయ్యి విరిగింది. కోర్టులో ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. నా లైసెన్సు ఆపేశారు. ఆ బండి గుద్దితే ఎవరు నిలబడతారు? చలానా ఎవరి చేతికిస్తారు?"

"అది ఇవాళ్టి అంశం కాదండీ. వేరే శాఖ చూస్తోంది," అన్నాడు కమిషన్ సభ్యుడు. గంట మోగింది.

సాయంత్రానికి అనుమతి ఇచ్చేశారు.

ఇద్దరూ కారు దాకా నడిచారు. ఆమె మోచేతిని నెస్టర్ ఎప్పటిలాగే పట్టుకున్నాడు.

"వానలో వదిలేసి పోతున్నారని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే పని మానుకుని నన్ను దింపడానికి వచ్చేవాడివి."

"వచ్చేవాణ్ని."

"అందుకే చెప్పలేదు."

అతను తలుపు తీశాడు. కుక్క ముందు ఎక్కింది.

ఆ చలికాలంలో నెస్టర్ టాక్సీ వదిలేసి, డయాలిసిస్ రోగులను దింపే వ్యానులో చేరాడు. హెర్మీనియా ఆ కొత్త బండిలోనే పనికి వెళ్తోంది. ఎలా ఉందని ఓ ఆదివారం అతను అడిగాడు.

"టైముకి వస్తుంది. ఆగుతుంది. దార్లో పలకరించేవాళ్లే లేరు," అందామె. "నీ వ్యాను ఎలా ఉంది?"

"అందరూ నీరసంగా ఉంటారక్కా. ఎక్కగానే నిద్రపోతారు."