కుడివైపు కొక్కెం

తుపాకులు బాగుచేసే మేస్త్రి కొట్టులో గోడకు రెండు వరసల కొక్కేలుండేవి. పని కావలసినవి ఎడమవైపు, పూర్తయినవి కుడివైపు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన భార్య కుడివైపు వరస చూసి, తుపాకీకి కట్టిన చీటీమీది నంబరుకు ఫోన్ చేసి, "మీది సిద్ధమైంది, వచ్చి పట్టుకెళ్లండి" అని చెప్పేది. పెళ్లయినప్పటినుంచీ కొట్టు అలాగే నడుస్తోంది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఆ సోమవారం వెనక వీధిలో బట్టలు కుట్టే అమ్మాయి దుప్పటిలో చుట్టిన తుపాకీ తెచ్చి బల్లమీద పెట్టింది. అది ఆమె భర్తది. అతను తోటలకు కాపలా కాస్తాడు.

"ట్రిగ్గర్ పట్టేస్తోంది బాబాయ్. నిదానంగా చెయ్యండి, తొందరేం లేదు."

"తుపాకీ ఆయనది, తొందర లేదనేది నువ్వా?" మేస్త్రి నవ్వాడు. "అసలు ఆయనే తేవాలమ్మా దీన్ని."

ఆమె నవ్వలేదు. గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించింది.

"కోపమొస్తే దీన్ని ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంటాడు. ఇదివరకు ఉత్తదే ఉండేది. మొన్న తూటాలు పెట్టాడు. ఆదివారం మా అన్నయ్య వచ్చి నన్ను తీసుకెళ్తాడు. అందాకా మీ దగ్గరే ఉండనీండి. తోటలో కాపు అయిపోయింది కదా, ఇప్పుడిప్పుడే వెతకడు."

"సరేలే, సోమవారం దాకా దీన్నెవరూ కదపరు. మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా వస్తుంది, మరీ అంత బెంగ పెట్టుకోకు."

ఆమె వెళ్లాక అలవాటు ప్రకారం ఆమె భర్త నంబరు రాసిన చీటీ కట్టి, తుపాకీని ఎడమవైపు తగిలించాడు. సంగతి భార్యకు చెప్పాలనుకున్నాడు. ఇంతలో మరో బేరం వచ్చింది.

గురువారం పొద్దున చేతిలో పనిలేదు. పనిలేకపోతే మేస్త్రికి వేళ్లు దురదపెడతాయి. దాన్ని దించి విప్పాడు. ట్రిగ్గర్ నిజంగానే కాస్త బిగుసుకుంది. తుప్పు గీకాడు, స్ప్రింగు మార్చాడు, నూనె వేశాడు. వేలితో నొక్కితే వెన్నలో దిగినట్టుంది. తన పనికి తనే మురిసిపోతూ గోడకు తగిలించి, నూనె డబ్బా అయిపోయిందని బజారుకు వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి కుడివైపు కొక్కెం ఖాళీగా ఉంది.

"కాపలాదారుది ఏదీ?"

"ఫోన్ చేస్తే రెక్కలు కట్టుకుని వచ్చాడు," అంది భార్య బల్ల తుడుస్తూ. "వింత మనిషండీ. తుపాకీ ఇక్కడుందని తనకే తెలీదట. ఎవరు తెచ్చారన్నాడు. మీ ఆవిడేగా అన్నాను. మళ్లీ అదే అడిగాడు. ఇక్కడే నిలబడి నొక్కి చూసుకుని, మీ పనిని తెగ మెచ్చుకున్నాడు."

మేస్త్రి గుమ్మంవైపు తిరిగాడు.

"అది బాగుచెయ్యమని కాదు, దాచమని ఇచ్చింది. నీతో చెప్పలేదు నేను. పోలీసులకు ఫోన్ చెయ్యి, ఆ ఇంటికి రమ్మను." డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

వెనక వీధి మలుపులోనే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది ఆయనకు. అమ్మాయి పనిలో ఉంది. అతనింకా ఇల్లు చేరలేదేమో.

తలుపు లోపల గడియ వేసి ఉంది.

"అమ్మాయ్, నేను, బాబాయ్‌ని. తలుపు తియ్యి."

మిషను ఆగలేదు. పక్క కిటికీలోంచి చూశాడు. ఆమె కాళ్లు మిషను తొక్కుతూనే ఉన్నాయి. సూది కింద బట్ట లేదు. ఎదురుగా మంచంమీద భర్త, ఒళ్లో తుపాకీ.

"ఆపకు, తొక్కు," అన్నాడు అతను ఆమెతో, మెల్లగా. తర్వాత కిటికీవైపు తల తిప్పాడు. "పని బాగా చేశారు మేస్త్రిగారూ. ఇప్పుడు పట్టెయ్యడం లేదు."

మేస్త్రి వెళ్లి భుజంతో తలుపును గుద్దాడు. మళ్లీ గుద్దాడు. లోపల మిషను ఆగిపోయింది.