సీటు మార్చిన సైకిలు

నాగక్క బాత్రూం జాలీలో చిక్కుకున్న వెంట్రుకల ఉండను వేలితో లాగుతుండగా, కాళ్లూ చేతులూ కడుక్కుని చీర మార్చుకొమ్మని హాల్లోంచి కృష్ణవేణమ్మ కేకేసింది. ఉండ ఊడి వచ్చింది. నూనె, సబ్బు, ఒంటి మురికి కలిసి జిగటగా వేలాడుతోంది. కృష్ణవేణమ్మ జుట్టే అది. పనిలో చేరిన కొత్తలో ఇలాంటివి చూస్తే నాగక్కకు ఆ పూట అన్నం సయించేది కాదు. పనిమనిషి అసహ్యపడుతూ కూర్చుంటే పని ఎప్పటికి తెములుతుంది? క్రమంగా అలవాటు పడింది.

చీర మార్చుకోమన్నది సైకిలు కొనడానికి. కృష్ణవేణమ్మకు షుగరు. మోకాళ్లు కూడా అరిగాయి. రోడ్డు మీద నడవొద్దు, ఇంట్లోనే కూర్చుని తొక్కే ఎక్సర్‌సైజ్ సైకిలు తీసుకోమన్నాడు డాక్టరు. కొడుకు అవినాష్ ఫోనులో తెప్పిస్తానంటే ఆమె వినలేదు. కళ్లారా చూడకుండా చెప్పులైనా కొనని మనిషి. అలాగని షాపులో పదిమంది మగాళ్ల ముందు చీర ఎగదోపుకుని ఎక్కుతుందా? నందికొట్కూరులో పుట్టింటివాళ్లకు తెలిస్తే ఎంత పరువు తక్కువ! అందుకని తన బదులు నాగక్కను ఎక్కించి చూడాలని తీర్మానించింది.

"నా రవికలు నీకు సరిపోతాయి గదా. నీకు కుదిరిన సైకిలు నాకూ కుదురుతాది" అంది.

ఏటా ఉగాదికి కృష్ణవేణమ్మ తన పాత చీర, రవిక నాగక్కకిస్తుంది. మొదట్లో అవి కుట్టించినట్టు సరిపోయేవి. రానురాను అమ్మగారు ఒళ్లు చేసింది, నాగక్క ఎండిపోయింది. ఇచ్చిన ప్రతి రవికనూ రెండు పక్కలా లోపలికి మడిచి, చేత్తో కుట్లు వేసుకుంటుంది. ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. చెబితే అమ్మగారు చిన్నబుచ్చుకుంటుందని భయం.

చిన్నబుచ్చడం నాగక్కకు ఇష్టం లేదు. కోసిగి పక్క పల్లెలో పంటలు ఎండిపోయి కర్నూలు చేరినప్పుడు మొగుడున్నాడు. కొన్నాళ్లకు అతనూ పోయాడు. కల్లూరులో ఒక రేకుల గది, ఈ ఇంటి చాకిరీ తప్ప ఆమెకు వేరే ఏమీ లేవు. చుట్టాలొచ్చినప్పుడల్లా కృష్ణవేణమ్మ "నాగక్క మా ఇంటి మనిషే" అంటుంది. ఆ ఒక్క మాట కోసం నాగక్క జ్వరంతో కూడా వచ్చి గిన్నెలు తోమిన రోజులున్నాయి.

అవినాష్ ఇద్దరినీ తీసుకెళ్లిన షాపులో ఏసీ చలి, కొత్త రబ్బరు వాసన. సేల్స్‌మన్ లాజరు ఎదురొచ్చి, "ఎక్కండమ్మా" అని నాగక్కను చూసి మర్యాదగా అన్నాడు. ఎక్కేది ఆమే అయినా తొక్కబోయేది తానని కృష్ణవేణమ్మ సరిదిద్దింది. అతనికి సగమే అర్థమైంది.

మొదటి సైకిలు సీటు సన్నం, మేక వీపు మీద కూర్చున్నట్టుంది. రెండోదానికి హ్యాండిలు దూరం. దిగినప్పుడల్లా చీర సర్దుకుని, ఎక్కేటప్పుడు మళ్లీ పైకి దోపుకోవాలి. పిక్కలు బయటపడ్డాయి. డంబెల్స్ చూస్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. కృష్ణవేణమ్మ కుర్చీలో కూర్చుని ఇంకా గట్టిగా తొక్కు, ఇప్పుడు నిదానంగా తొక్కు అని పురమాయిస్తోంది. సంతలో గొడ్డును నడిపించి చూస్తున్నట్టు చూస్తోంది. నాగక్కకు సిగ్గుతో చెమటలు పట్టాయి.

మూడోది వేరు. సీటు వెడల్పు, మెత్తన. కాళ్లు వాటంతటవే తిరిగాయి. ఎన్నాళ్లుగానో మెట్టెక్కినా దిగినా సలిపే మోకాళ్లు ఆ కాసేపూ సలపలేదు. నాగక్క ఆపడం మరిచిపోయి అలాగే తొక్కింది. తనను ఎవరు చూస్తున్నారో కూడా మరిచింది.

"ఇదే బాగుండాది మా. మోకాళ్లు నొయ్యలే" అంది దిగుతూ. ఆమె ముఖంలో నవ్వు చూసి లాజరు కూడా నవ్వాడు.

పెట్టెలో ఉన్న కొత్తది ఇమ్మంది కృష్ణవేణమ్మ. ఆ రకంలో ఇదొక్కటే మిగిలిందన్నాడు లాజరు. నాగక్క అప్పటికి తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది. కృష్ణవేణమ్మ గొంతు తగ్గించాననుకుంది. ఆమె గొంతు తగ్గినా వీధి చివరకు వినిపిస్తుంది.

"అట్లయితే సీటు మార్చియ్యప్పా. పనిమనిషి చెమట పట్టింది దానికి. నాకు రోత."

తుడిస్తే పోతుంది కదా అన్నాడు అవినాష్. నీకు తెలీదు ఊరుకోమంది తల్లి. లాజరు ఒకసారి నాగక్క వైపు చూసి, తల వంచుకుని, పానా తెచ్చి బోల్టులు విప్పాడు. కొత్త సీటు బిగించి, పాతదాన్ని సైకిలు తాలూకు ఖాళీ అట్టపెట్టెలో పడేశాడు.

ట్రాలీ ఆటోలో సైకిలు పడిపోకుండా పట్టుకుని నాగక్క వెనక కూర్చుంది. ఆమెకు కోపం వస్తే బాగుండేది, రాలేదు. వేళ్లు వాసన చూసుకుంది. ఎంత కడిగినా పొద్దుటి వెంట్రుకల వాసన ఉంది. అమ్మగారి పగిలిన మడమల్లోంచి గీకిన చర్మం, జ్వరమప్పుడు దోసిలిలో పట్టిన వాంతి, నానబెట్టిన లోపలి బట్టలు, తిని వదిలేసిన పళ్లెంలో చప్పరించిన ములక్కాడ పిప్పి, ఇన్నేళ్లూ మింగినదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. ఆటో పక్కకు వంగి ఉమ్మేసింది.

ఇంటికి చేరాక అవినాష్ సైకిలు హాల్లో పెట్టించి, అట్టపెట్టె, పాత సీటు పెరట్లో కుళాయి దగ్గర పారేసి, పనుందని వెళ్లిపోయాడు. కృష్ణవేణమ్మ తలుపులు మూయించి నాగక్క భుజం పట్టుకుని సైకిలెక్కబోయింది. కాలు అటువైపు దాటలేదు. స్టూలు వేసి మళ్లీ ప్రయత్నించింది. పొట్ట హ్యాండిలుకు తగిలింది, తొడ కొత్త సీటు అంచున ఇరుక్కుంది. ఒంటి బరువంతా నాగక్క మీద వాలింది. ఆమె చంక తడి నాగక్క చెంపకు అంటుకుని మెడ మీదికి జారింది. నాగక్క ఊపిరి బిగబట్టి నిలబడింది.

"నీకు సరిపోయింది గదే, నాకేం మాయరోగం?" అని రొప్పుతూ సోఫాలో కూలబడింది కృష్ణవేణమ్మ. కాసేపటికి ఆమెకు ఉపాయం తోచింది.

"పోనీలే, దినామూ కొంచేపు నువ్వే తొక్కు. అబ్బోడు అడిగితే నేను తొక్కినానని చెప్తా. సీటు మీద పాతగుడ్డ పరుచుకో, మరువబాక."

నాగక్క వంటింట్లోకి వెళ్లింది. తన కోసం మూతపెట్టిన అన్నం తీసి చూసింది. ఒక ముద్ద కలిపింది. నోటి దాకా వచ్చిన చేతిని దించేసి, మళ్లీ మూత పెట్టింది. చేతులు కడుక్కుంది. చెంప, మెడ కడుక్కుంది. సబ్బు రుద్ది మళ్లీ కడుక్కుంది.

"నేను పోతాండా మా" అంది హాల్లోకి వచ్చి.

"రేప్పొద్దున తొందరగా రా."

"ఇంగ రాను మా."

కృష్ణవేణమ్మ బిత్తరపోయింది. ఏమైందని అడిగింది. నాగక్కకు చాలా చెప్పాలనిపించింది గాని ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

"మీ రవికలు నాకు సరిపోవు మా. శానా ఏండ్లాయె."

ఈసారి కొత్త రవిక కుట్టిస్తానంటోంది కృష్ణవేణమ్మ. నాగక్క పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచి, ఆగకుండా వీధిలోకి వెళ్లింది.

కుళాయి దగ్గర బట్టలుతికే బండను ఆనుకుని పాత సీటు వెల్లకిలా పడి ఉంది, దాని మీద ఒక్కో చుక్కా నీళ్లు కారుతున్నాయి.