బంగారు అంచు మీద బొటనవేలు

మేక బస్సెక్కింది. కండక్టర్ టికెట్ అడిగాడు. అప్పుడు మేక ఏమన్నదో తండా బడిలో ఏ ఒక్కరికీ తెలియదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి రికార్డులో హరిలాల్ గొంతు తెగిపోతుంది. "మేక... మే... మే..." అని నత్తిగా సాగి ఆగిపోతుంది.

హరిలాల్‌కు నత్తి లేదు. ఆ సంగతి వనజకు తెలుసు. మరిపెడ దగ్గరి ఆ బడిలో ఆమె టీచర్, అతను ఆమె భర్త. తండా పిల్లలకు ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి. ఆ రెండింటినీ కలిపి అతను కథలు చెప్పి రికార్డు చేసేవాడు. భూపాలపల్లిలో పాత సామాను కొట్టు నుంచి ఒక సర్వర్ తెచ్చి, తన చేతులతోనే బిగించి, కథలన్నీ అందులో పెట్టాడు. పిల్లలు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవారు. మేక కథ ఆఖరిది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి అతను వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే గొంతు తడబడడం మొదలైంది. "పనికిరాకపోతే ఆ డబ్బా తీసేద్దాం వనజగారూ" అని హెడ్మాస్టర్ మెల్లగానే అన్నాడు. ఒక్కసారి బాగుచేయించి చూద్దామని ఆమె అడిగింది.

అందుకని జనగామ నుంచి శైలజ వచ్చింది. కంప్యూటర్లు బాగుచేయడం ఆమె పని. సంచీలో రెండు కొత్త మెమరీ ముక్కలు తెచ్చింది.

"మేడం, గిది మీ బడికంటె ముసల్దున్నట్టుంది. దండం వెట్టి విప్పుతా," అంటూ తీగ పీకేసి, ముందు ఇనుప డబ్బాను అరచేత్తో తాకింది. "మన ఒంట్ల కరెంటు దిగాలె. లేకుంటె గీ ముక్కలు సచ్చిపోతయి."

ఇంతలో గుమ్మంలో గరిటె కనిపించింది, దాని వెనక సక్రి. హరిలాల్ తల్లి. బడిలో మధ్యాహ్నం అన్నం వండేది ఆమే.

"ఏంది బిడ్డా, మెమరీ పీకుతున్నవట?"

"ఔనవ్వా. పాతయి తీసి సూసి, కొత్తయి కలిపి పెడ్త."

"నా కొడుకు మాటలు దాంట్లనే ఉన్నయి. ఎవలనడిగి పీకుతున్నవ్? నా ఫోన్ల మెమరీ కార్డు తీస్తె పాటలన్నీ మాయమైనయి, నాకెర్క లేదా?"

శైలజ నవ్వు ఆపుకుంది. "అవ్వా, వడ్లు ఏడ దాస్తరు?"

"గుమ్మిల."

"ఆరవోసేది?"

"కల్లంల."

"నీ ఫోన్ కార్డు గుమ్మి. గిది కల్లం. పని నడిచినంత సేపు పరుస్తది, కరెంటు పోంగనె ఊడ్సుకుంటది. నీ కొడుకు మాటలు వేరే గుమ్మిల భద్రంగున్నయి."

"కల్లానికి మెమరీ అని పేరా? పెట్టినోనికి తెలివి లేదు."

"కంపెనోళ్లకు చెప్తనవ్వా, సక్రవ్వ తిట్టిందని."

వనజ తల వంచుకుంది. అత్తకున్న భయమే తనకూ ఉంది. పైకి అనలేదు, అంతే.

కొత్త ముక్కలు సన్నని పచ్చ పలకల్లా ఉన్నాయి. కింది అంచున బంగారు పళ్ల వరస. శైలజ వాటిని గాడిలో నిలబెట్టి రెండు కొసలూ నొక్కింది. టక్, టక్. బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉండిపోయింది. ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి.

"పరేషాన్ కావద్దు మేడం. మీ లెక్కనే హాజరు తీస్కుంటది. ఒక్కొక్క ముక్కను పిలుస్తది. అందరు పలికినంకనే కన్ను తెరుస్తది."

వనజ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆ హోరు మెల్లమెల్లగా గాలి అయింది. ఎదురుగా మిరప కల్లం, కనుచూపు మేర ఎరుపు. ఆ ఎరుపు నడుమ హరిలాల్ ఎవరితోనో మాట్లాడుతూ నడుస్తున్నాడు. అతని పక్కన ఒక మేక. పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. ఎవరో పేర్లు పిలుస్తున్నారు. తన పేరు వచ్చిందేమో, అతను చెయ్యి ఎత్తబోయాడు...

"నలభై ఎనిమిది జీబీ," అంది శైలజ, తెర మీది అంకె చూసి. వనజ కళ్లు తెరిచింది. "నాలుగు పదహార్లు, అరవై నాలుగు రావాలె. ఒకటి పలుకుతలేదు."

కొత్తవి రెండూ బాగానే ఉన్నాయి. పాత రెండింటిలో ఒకటి మూగబోయింది. శైలజ దాన్ని తీసి కిటికీ వెలుగులో తిప్పింది. "గిదిగో. పెట్టినోళ్లు బంగారం మీద వేలు పెట్టిన్రు. జిడ్డుకు వానకాలం తేమ వట్టింది. రబ్బరుందా మేడం?"

బల్ల సొరుగులో పిల్లల రబ్బరు ఉంది. వనజ అలవాటుగా తీసి ఇవ్వబోయి ఆ అంచు చూసింది. చూసి ఆగిపోయింది.

బొటనవేలి ముద్ర. వెడల్పాటి సుడి. దానికి అడ్డంగా సన్నని గీత. చిన్నప్పుడు హరిలాల్‌కు కొడవలి కోసుకున్న గుర్తు అది. ఆ గీత చెంపకు గరుకుగా తగిలేది.

శైలజ ఇద్దరి ముఖాలూ చూసి గొంతు తగ్గించింది. "ఫోటో తీస్తనక్కా." రెండుసార్లు తీసింది. ఫోనులో మెరుపు తప్ప ఏమీ పడలేదు.

"రుద్దితె పోతదా?" సక్రి అడిగింది.

"ముద్ర పోతదవ్వా. గొంతొస్తది."

సక్రి గడప మీద కూర్చుంది. "నువ్వే జెయ్యి కోడలా," అంది.

వనజ ఆ ముక్కను అందుకుంది. తన బొటనవేలిని ఆ ముద్ర మీదికి తెచ్చి, తాకకుండా గాలిలోనే నిలిపింది. తాకితే మళ్లీ జిడ్డు. బయట పిల్లలు పళ్లేలు కడుగుతున్న చప్పుడు. రబ్బరు ఆనించింది. తప్పు రాసిన పిల్లవాడి అక్షరాన్ని చెరిపేటప్పుడు కాగితం చిరగకుండా చూసుకున్నంత మెల్లగా రుద్దింది. ముందు సుడి పోయింది. గీత చివరిదాకా ఉండి, తర్వాత అదీ పోయింది.

బల్ల మీద రాలిన బూడిదరంగు నలకలను సక్రి ఒక్కటీ వదలకుండా ఏరి కొంగున ముడి వేసుకుంది.

మళ్లీ నల్లని తెర, మళ్లీ హోరు. ఈసారి నాలుగూ పలికాయి.

"ఒక్క ముచ్చట మేడం," అంది శైలజ. "గీ హాజరు బంద్ పెడితె పొద్దున జల్దీ షురువైతది. పెట్టాల్నా?"

"వద్దు. తీసుకోనివ్వండి. నేను ఆగుతాను."

పిల్లలు లోపలికి వచ్చి ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు. కాసేపటికి ముందు బెంచీలో హర్షిణి పకపకా నవ్వింది. ఆ వెంటనే బెంచీ బెంచీ నవ్వింది.

"మేక ఏమన్నది?" వనజ హర్షిణి బెంచీ మీదికి వంగి అడిగింది.

"ఆడోళ్లకు బస్సు ఫిరీ కద సారూ, నేను గూడ ఆడిదాన్నే అన్నది టీచర్!"

గడప మీంచి సక్రి గరిటె ఎత్తింది. "గది నా ముచ్చటే! మానుకోట బస్సుల నా మేకకు టికెట్ కొట్టిండు గా కండక్టరు. గంత లొల్లి జేసిన!"

నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, ముడి గుర్తొచ్చి, చేతి వెనక భాగంతో తుడుచుకుంది.