తిమింగలంలో మింగుడు

మూడింటికల్లా బోర్డు మ్యూజియంలో ఉండాలి. నేను దాన్ని చూసింది రెండింటికి.

మా తోడికోడలు బోర్డులు రాస్తుంది. ఇంతవరకూ "గేటు ముందు బండి పెట్టరాదు" లాంటివే. మ్యూజియం పని రావడం ఇదే మొదలు. తిమింగలం అస్థిపంజరం కింద పెట్టే ఈ బోర్డు నచ్చితే మిగతా పదకొండూ తనవే. ఒక్క తప్పు దొర్లినా ఇంకొకరివి. మ్యూజియం ఆవిడ ముందే చెప్పేసింది.

తెల్లరంగు ఇంకా తడిగా ఉంది: "మింగు అనే మాట నుంచి తిమింగలం పుట్టింది."

"ఇదెవరు చెప్పారే నీకు?"

"మామయ్యగారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కదక్కా!"

పక్కగదిలో మామగారి పేపరు చప్పుడు ఆగింది. మింగలేను, కక్కలేను. చివరికి కక్కేశాను.

"అది మన మింగుడు కాదే. సంస్కృతంలో తిమి అంటే సముద్రంలో ఉండే పెద్ద చేప. గిల అంటే మింగేది. తిమిని మింగేది తిమింగిలం. అదే మన నోట్లో తిమింగలమైంది."

"అయితే మామయ్యగారిది తప్పా?" గొంతు తగ్గించి అడిగింది. గొంతు తగ్గిస్తే గోడలు మందమవుతాయా?

మామగారు నిఘంటువుతో సహా గుమ్మంలోకి వచ్చారు. నిలబడే పేజీలు తిప్పారు. వేలు ఒకచోట ఆగింది.

"ముప్పై ఏళ్ళు ఇదే చెప్పాను. ఒక్కడూ అడగలేదు," అన్నారు. తర్వాత, "తుడిచెయ్యమ్మా, ఆరకముందే."

కొత్త అక్షరాల తడి ఆరనే లేదు. బోర్డుని పళ్ళెంలా పట్టుకుని ముగ్గురం బస్సెక్కాం. మూడింటికి రెండు నిమిషాలుండగా మ్యూజియం ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"బాగుంది. మరి దీన్ని కూడా మింగేది లేదాండీ?"

"ఎందుకు లేదు? పాత పుస్తకాల్లో తిమింగిలగిలం ఉంది," అన్నారు మామగారు హుషారుగా. ఆ మాట బస్సులో నేను చెప్పిందే.

"దాన్ని మింగేది?"

"ఇదిగో, మా పెద్దకోడలు."

ఆవిడ పకపకా నవ్వి, రెండో బోర్డు తాలూకు కాగితం తీసింది. తోడికోడలు దాన్ని అలవాటుగా మామగారికి అందించింది. ఆయన కళ్ళజోడు కోసం జేబు తడుముకుని, ఆగి, కాగితం నా చేతిలో పెట్టారు.

"ముందు నువ్వు చూడమ్మా."