పిలిస్తే గుమ్మంలో ఆగేది

నేను అత్తయ్య కూర్చునే కారు సీటు కవరు ఉతికి ఆరేస్తుంటే, ఊరి ఆఫీసు నుంచి ఒకాయన కాగితాలు పట్టుకుని కొండెక్కి వచ్చాడు. వచ్చే వసంతం నుంచి డ్రైవరు లేని బస్సు వేస్తారట. ఫోన్ చేస్తే గుమ్మం ముందుకొస్తుంది, చేతికర్ర వాళ్ల కోసం మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది. కొండ మీది మా ఇళ్లవాళ్లు అక్కర్లేదంటే మాత్రం కింద వంతెన దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది.

"మీకేం కావాలో రాసి ఉంచండి, తోమె గారూ. శుక్రవారం వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు అత్తయ్యతో.

"మాకెందుకయ్యా బస్సు? మా సవాకో ఉందిగా!" అంది అత్తయ్య నన్ను చూపిస్తూ. "పిలిస్తే గుమ్మంలో ఆగుతుంది, చెయ్యి పట్టి దింపుతుంది. నోరెత్తదు కూడా."

మా ఆయన యసునోరి పగలబడి నవ్వాడు. వచ్చినాయనా నవ్వాడు. నేను వాళ్లకి టీ పోశాను, సిగ్గులేకుండా.

రెండేళ్ల క్రితం మా ఆయన కారుని గోడకి గుద్ది, ఇక్కడి ముసలివాళ్లలాగే లైసెన్సు పోలీసులకిచ్చేసి, దానికి బదులు వాళ్లిచ్చే బస్సు రాయితీ కార్డు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి అత్తయ్య మోకాళ్ల డాక్టరుకీ, వేడినీటి బుగ్గల స్నానాలకీ, ఈయన స్నేహితుల ఇళ్లకీ కారు నడిపేది నేనే. బడి వంటశాలలో పని మానేశాను. "కూర్చుని చక్రం తిప్పడం కూడా ఒక పనేనా?" అంటాడు మా ఆయన. కిందటేడు అమ్మకి ఊపిరాడటం లేదని పక్క ఊరి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అత్తయ్య కోసం బ్యూటీ పార్లర్ బయట కారులో ఉన్నాను. లోపలికి పరిగెత్తాను. "జుట్టుకి రంగు సగమే వేశారు. మీ అమ్మ ఎక్కడికి పోతుంది? ఆగు" అంది అత్తయ్య. ఆగాను. నేను వెళ్లేసరికి అమ్మ మొహం మీద తెల్లగుడ్డ కప్పేశారు. ఆవిడ ఆగమన్నందుకు కాదు, నేను ఆగినందుకు నా మీద నాకే అసహ్యం.

శుక్రవారం పొద్దున్నే నడుచుకుంటూ కొండ దిగి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను.

"యాభై నాలుగేళ్లకే ఇచ్చేస్తున్నారా! కళ్లు కనిపించడం లేదా అండీ?" అంది కౌంటర్లో అమ్మాయి.

"బాగానే కనిపిస్తున్నాయమ్మా."

ఆ అమ్మాయి నా లైసెన్సు ఇక చెల్లకుండా చిల్లు పొడిచి, రాయితీ కార్డు చేతికిచ్చింది.

ఇంటికొచ్చి కాగితం తీశాను. 'కారు నడిపేవాళ్లు' అన్నచోట లేరు అని రాశాను. 'మీకేం కావాలి' అన్నచోట, గుమ్మం దాకా బస్సు అని రాశాను. నా రాయితీ కార్డు పక్కనే పెట్టాను.

యసునోరి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "పిచ్చెక్కిందా నీకు?"

"సోమవారం నా కంటి ఆపరేషనే!" అంది అత్తయ్య. "బస్సొచ్చేది వసంతానికి కదే! అందాకా నన్నెవరు తీసుకెళ్తారు?"

"ఆస్పత్రి ఎక్కడికి పోతుంది, అత్తయ్యా?" అన్నాను. "ఆగండి."