పదహారు రిబ్బన్లు

రచన వాళ్ల చేలోని రిబ్బన్లు రోడ్డు మీది నుంచే కనిపించేవి. ఎర్రటివి, మెరిసేవి, మిర్యాలగూడలో కొన్నవి. ఆటోల్లో పోయేవాళ్లు తలలు బయటపెట్టి, "పొద్దుతిరుగుడుకు జడలేసిన్రురో" అని నవ్వుకునేవాళ్లు. పక్కనే నాగరాణి వాళ్ల చేలో మొక్కలకు కట్టినవి మాత్రం వాళ్లమ్మ మణెమ్మ పాత చీర పేలికలు. దగ్గరికి పోయి వెతికితే తప్ప కనిపించవు.

మఠంపల్లి దగ్గర హైస్కూల్లో ఇద్దరిదీ పదో తరగతే. ఆ యాసంగిలో వ్యవసాయాధికారి ఆండాళు మేడం కోదాడ నుంచి బడికి వచ్చి, ఎవరింట్లో పొద్దుతిరుగుడు వేశారో చేతులెత్తమంది. లేచినవి రెండే చేతులు. ఒకటి నిటారుగా లేచింది, ఒకటి సగమే. ఆ సగం చెయ్యి నాగరాణిది.

చేనులో ఐదు చోట్ల, చోటుకు పది మొక్కలు ఎంచుకొని గుర్తులు కట్టాలి. ప్రతి ఆదివారం ఆ యాభై మొక్కలనూ చూసి, ఎన్నిటికి తెగులు తగిలిందో రిజిస్టర్లో రాయాలి. ఆకు అంచు ఒకవైపు మాడి, మెడ మెలితిరిగిందంటే అది నెక్రోసిస్ వైరస్. గట్ల మీది వయ్యారిభామ కలుపు పూల నుంచి కంటికి ఆనని తామర పురుగులు దాన్ని చేలోకి మోసుకొస్తాయి. తొందరగా కనిపెట్టి పీకేస్తే చేను దక్కుతుంది. బాగా చేసిన అమ్మాయిని సూర్యాపేట రైతు మేళాకు తీసుకెళ్లి వేదిక మీద కూర్చోబెడతానని మేడం చెప్పింది.

నలుగురిలో నోరు విప్పలేని నాగరాణికి వేదిక అంటేనే భయం. అయినా ఆ కుర్చీ తనకే కావాలనిపించింది. తనకు రాకపోయినా సరే, రచన మాత్రం అందులో కూర్చోకూడదు.

మొక్కలను చూడటం నాగరాణికి కొత్త పని కాదు. తండ్రి మంగయ్యది ఎనభై గొర్రెల మంద. చిన్నప్పటి నుంచి మంద వెనక నడిచి, ఏ గొర్రె చెవులు వేలాడేసిందో, ఏది మేతకు వంగడం లేదో దూరం నుంచే చెప్పేది. చేలోనూ అంతే. సాలు మొదట్లో నిలబడి ఒకసారి చూస్తే చాలు, వందల తలల మధ్య తేడాగా ఉన్న తల తనంతట తానే కంట్లో పడేది. మొదటి వారం ఒకటి అని రాసింది. రెండో వారం మూడు, మూడో వారం ఐదు.

రచన మూడు వారాలూ సున్నాలే రాసింది. గుండ్రటి సున్నాలు, ఒక్కోదాని కింద స్కేలుతో గీసిన గీత.

ఆండాళు మేడం పరిధిలో పదకొండు ఊళ్లు. ప్రతి చేనుకూ పోయే తీరిక ఎక్కడిది? రచన రిజిస్టర్ చూసి మురిసిపోయి క్లాసంతా తిప్పింది. "రిజిస్టరంటే ఇలా ఉండాలమ్మా! చేను అద్దంలా ఉంది." నాగరాణి రిజిస్టర్ తిరగేసి, "గట్టు శుభ్రం చెయ్యమని మీ అమ్మకు చెప్పు," అని మాత్రం అంది.

ఆ ముచ్చట బోరింగు దాకా పోయింది. ఆ సాయంత్రం మణెమ్మ బిందె దించుతూనే అందుకుంది. "పటేల్ బిడ్డ సున్న రాస్తది. నువ్వేమో మన చేనుకు రోగాలు ఎతికెతికి బుక్కు ఎక్కిస్తవ్. అవతలి చేను చంద్రమ్మ ఏమన్నదో ఎర్కేనా? 'మీ చేనుకు రోగమంట గదా, మా దిక్కు రానియ్యకున్రి' అన్నది. నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"ఉన్నదే రాసిన అమ్మా."

"ఉన్నయన్నీ రాస్తారె ఎవలన్న? రచనను సూడు, ఎంత తెలివిగల్లదో!"

రచనను సూడు. ఈ మాట నాగరాణి మూడో తరగతి నుంచీ వింటోంది. రచన రాత చూడు, రచన జడ చూడు, ఇంగ్లీషు పాఠం ఎట్లా గడగడా చదువుతుందో చూడు. చూసీ చూసీ రచన మెడ వెనక పుట్టుమచ్చ ఏ పక్కన ఉందో కూడా కంఠస్థం అయింది.

నాలుగో ఆదివారం గట్టు మీద నిలబడి నిజంగానే చూసింది. రచన ఒక రిబ్బన్ నుంచి ఇంకో రిబ్బన్‌కు నడుస్తోంది. ముడి జారిన చోట సవరిస్తోంది. రిబ్బన్ బాగుంటే సున్నా రాస్తోంది. ఒక్కసారీ వంగలేదు, ఒక్క ఆకూ తిప్పలేదు. ఆమె లంగా అంచు తగిలేంత దగ్గరలోనే మెడలు తిరిగిన మొక్కలున్నాయి.

చెబుదామని నాగరాణి నోరు తెరిచింది. అప్పుడే రచన తలెత్తింది. "ఏం రాణీ, ఈ వారం మీకెన్ని? ఏడా, ఎనిమిదా?" అని నవ్వింది.

నాగరాణి గట్టు దిగి తమ చేలోకి వెళ్లిపోయింది.

మర్నాడు చేలు చూడటానికి ఆండాళు మేడమే వస్తానంది. ఆ మధ్యాహ్నం రచన కోదాడ ట్యూషన్‌కు బస్సెక్కాక నాగరాణి ఆ చేలోకి దిగింది. ఒక్కటే, అనుకుంది. మంచి మొక్కకున్న రిబ్బన్ విప్పి పక్క సాలులోని రోగం మొక్కకు కట్టింది. నేనేమైనా అబద్ధం ఆడానా, రోగం ఉన్నదానికే కదా కట్టాను, అని తనకు తానే చెప్పుకుంది. తర్వాత రెండోది, మూడోది. ఐదు చోట్లూ తిరిగి గట్టెక్కేసరికి పదహారు మార్చింది. రేపు అందరి ముందూ ఆ సున్నాల సంగతి తేలుతుందనుకుంటే రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

సోమవారం పొద్దున మేడం స్కూటీ దిగింది. రచన తండ్రి సుధాకర్ పటేల్ గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మేడం మొదటి రిబ్బన్ దగ్గర వంగి, లేవలేదు. రెండో దగ్గరికి, మూడో దగ్గరికి పోయింది. యాభై చూసి వచ్చేసరికి ఆమె ముఖం మాడిపోయింది.

"పంతొమ్మిది. రచనా, నిన్న ఎన్ని రాశావు?"

"సున్నా మేడం! ఒట్టు, నిన్న ఒక్కటి గూడ లేదు!"

"సుధాకర్ గారూ, నిన్న సున్నా ఉండి ఇవాళ పంతొమ్మిదంటే ఇది ఆగేది కాదండీ. పక్క చేలకు పాకేలోపు తీసెయ్యడమే మంచిది."

నాగరాణి బిత్తరపోయింది. రచన సున్నాలను ఎవరూ అనుమానించలేదు. వాటిని నమ్మబట్టే రోగం రాత్రికి రాత్రి పుట్టినట్టయింది.

"ఇగ ఖతం," అన్నాడు సుధాకర్. "నలభై దినాల పంట. దున్నేసి పెసర జల్లుకుంట." ట్రాక్టర్ ఫకీరాకు ఫోన్ చేశాడు.

రచన ఏడుస్తోంది. మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఊరుకోమ్మా. నువ్వు వారం వారం చూడబట్టే ఇది బయటపడింది. సూర్యాపేటలో ఇదే చెబుదువుగాని."

ఆ చెయ్యి చూడగానే నాగరాణికి చేను గుర్తులేదు, పటేల్ మాట గుర్తులేదు. రిబ్బన్లు మార్చింది తాను, చెయ్యి మాత్రం రచన భుజం మీద!

ట్రాక్టర్ వచ్చింది. ఫకీరా నాగళ్లు దించాడు. మొదటి సాలు చివర నాలుగు మొక్కలు వేళ్లతో సహా లేచి పక్కకు పడ్డాయి. మొగ్గ తొడిగిన పచ్చటి మొక్కలు. నాలుగింటికీ ఏ రోగమూ లేదు. ఆ సంగతి అక్కడ నాగరాణి ఒక్కదానికే తెలుసు.

"ఆపున్రి!"

అంత గట్టిగా అరిచింది తానేనని ఆమెకు అందరూ తన వైపు తిరిగాక గాని తెలియలేదు.

"ఏందే?" అంది రచన.

"రిబ్బన్లు నేనే మార్చిన. మంచియాటికున్నయి విప్పి రోగం మొక్కలకు కట్టిన. పదహారు."

ఫకీరా ఇంజన్ ఆపాడు. సుధాకర్ దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుంది, కొట్టలేదు. "ఎందుకు బిడ్డా?"

"మీ రచనకు... అన్నీ సున్నాలే వస్తున్నయని."

"సున్నల కోసం కొట్లాడేటోళ్లను గిప్పుడే సూస్తున్న," అన్నాడు ఫకీరా సీటు మీది నుంచి. ఎవరూ నవ్వలేదు.

"ఏ మొక్కవి ఏ మొక్కకు కట్టావో చూపించు," అంది మేడం.

నాగరాణి చేలోకి దిగింది. ఎక్కడా తడుముకోలేదు. పదహారు రిబ్బన్లూ విప్పి పాత మొక్కలకు కట్టింది. మేడం మళ్లీ లెక్కపెట్టింది. యాభైలో మూడు.

"ఈ మూడు నేను కట్టినయి గావు మేడం. శురూ నుంచి ఉన్నయే."

రచన తలదించుకుంది. మేడం రిజిస్టర్లోని సున్నాల వైపు చాలాసేపు చూసింది. "సూర్యాపేటకు ఈసారి ఇద్దరూ రావొద్దు," అంది చివరికి. "చేను చూడకుండా రిజిస్టర్‌ను మెచ్చుకున్నదాన్ని, నేను మాత్రం ఏ మొహంతో పోతాను?" తర్వాత నాగరాణి వైపు తిరిగి అడిగింది. "రాణీ, చేలో ఇంకా ఉన్నాయా?"

నాగరాణి గట్టెక్కి కళ్లు చిట్లించింది. "అగో, గాడ. రెండో సాలుల, తుమ్మచెట్టు సీదకు. దాని ఎనక ఇంకోటి."

మేడం నడిచి పోయి ఆకు తిప్పి చూసింది. ఉంది. ఇంకోటీ ఉంది. పొద్దుగూకే లోపల నలభై ఒకటి పీకారు. గట్టు మీది వయ్యారిభామను సుధాకర్ కూలీలతో కోయించాడు. "ఆదివారం ఆదివారం మా చేను గూడ జర సూడు బిడ్డా. రచన నీ ఎంట ఉండి రాసుకుంటది," అని కూతురు వింటుండగానే అన్నాడు.

రచన తన రిజిస్టర్ పట్టుకొని, నాగరాణి కళ్లవైపే చూస్తూ నిలబడింది. ఎక్కడో చూసినట్టున్న చూపు అది. నాగరాణికి కాసేపటికి గుర్తొచ్చింది. మూడో తరగతి నుంచీ తను రచనను చూసిన చూపే.

ఇన్నేళ్లూ అదే కదా కోరుకుంది. అయినా సంతోషం రాలేదు. వీపు మీద చీమ పాకినట్టు అయింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం చేలోకి దిగగానే నాగరాణి ఆకులు చూడదు. ముందు తన యాభై చీర పేలికల దగ్గరికి పోయి, ఒక్కొక్క ముడి తాను వేసిన ముడేనా కాదా అని చూసుకుంటుంది.