ముప్పై అడుగుల ఎత్తున జగన్మోహన్

శనివారం భోజనాలు కాగానే ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో విద్య భర్తను స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళకు కాటుక పెట్టేది. జుట్టు పైకి దువ్వి అర డబ్బా స్ప్రే కొట్టేది. చిరుత మచ్చల బిగుతు ప్యాంటు ఎక్కించడానికి ఓ చెయ్యి వేసేది. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే జగన్మోహన్, శనివారం మాత్రం ‘శాటిన్ హైవే’ అనే గ్లామ్ మెటల్ బ్యాండ్‌లో డ్రమ్మర్. మగవాళ్ళు లిప్‌స్టిక్ వేసుకుని, చెవులు చిల్లులు పడేలా వాయించే సంగీతం అది.

జగన్మోహన్ బాగా వాయిస్తే డ్రమ్ములు నేల విడిచి పైకి లేచేవి, స్టూలుతో సహా, అతనితో సహా. మనసు ఎంత కుదిరితే అంత ఎత్తు. తాళం తప్పితే కిందికి దిగేవి. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. బార్ ఓనర్లు సీలింగ్ ఫ్యాన్ ఆపేవారు, సౌండ్ ఇంజనీరు పొడుగు కేబుళ్ళు తెచ్చేవాడు, అంతే.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. బ్యాండు బార్ల నుంచి పెద్ద పెద్ద హాళ్ళకు ఎదిగింది. హెచ్-వన్ వీసా మీద రెండో ఉద్యోగం కుదరదు గనక జగన్మోహన్ అన్నాళ్ళూ ఊరికే వాయించాడు. గ్రీన్ కార్డ్ రాగానే ఆఫీసుకి రాజీనామా ఇచ్చి, జుట్టుకి ఎర్రరంగు వేయించుకున్నాడు.

ఆ వైభోగం మూడు నెలలు. కొత్తగా వచ్చిన మేనేజర్‌కి ప్రతి షోలోనూ ఒకే ఎత్తు కావాలి. ఒకరోజు పన్నెండు అడుగులు, ఒకరోజు నాలుగు అడుగులు అయితే లైట్లు ఎక్కడ పెట్టుకోవాలని అడిగిందావిడ. ఒక హైడ్రాలిక్ లిఫ్ట్ కొనిపించి, దాని మీద కూర్చుని వాయించడానికి క్యారీ అనే ఊరి నుంచి నీల్‌ని పట్టుకొచ్చింది. తెలుగువాళ్ళ అబ్బాయే, ఇరవై నాలుగేళ్ళు. డెంటల్ కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చాడు. కండలున్నాయి. సింగర్ డస్టిన్ జగన్మోహన్ మొహం చూడలేక తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. నీల్ మాత్రం వచ్చి చెయ్యి కలిపాడు.

“డోంట్ టేక్ ఇట్ పర్సనల్లీ, అంకుల్.”

బ్యాండు పోయినందుకు కాదు, ఆ అంకుల్ అన్న మాటకి జగన్మోహన్ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత ఏడాదంతా బర్త్‌డేలు, హాఫ్ శారీ ఫంక్షన్లు. మర్యాదగానే పిలిచేవారు గానీ, కేక్ కట్ చేసేటప్పుడు కాస్త మెల్లగా కొట్టమనేవారు. డ్రమ్ములు కార్పెట్ మీంచి కదిలేవి కావు. ఒక సీమంతంలో అయితే అంగుళం లోపలికి దిగబడ్డాయి. ఆ ఇంటావిడ విద్యని పక్కకి పిలిచి, ఎత్తు సంగతి ముందే మాట్లాడుకున్నాం కదమ్మా అంది. ఆయనకి నడుం నొప్పండీ అని విద్య సర్దిచెప్పింది.

అక్టోబరులో కౌంటీ ఫెయిర్‌కి, అంటే అక్కడి తిరునాళ్ళకి, శాటిన్ హైవే వచ్చింది. జగన్మోహన్ చస్తే రానన్నాడు. విద్య వెళ్ళి కారు స్టార్ట్ చేసి కూర్చుంది. పది నిమిషాలకి వచ్చి ఎక్కాడు.

నాలుగో పాటలో లిఫ్ట్ నీల్‌ని ఇరవై అడుగులు పైకి తీసుకెళ్ళి, టక్కున ఆగి, ఒక పక్కకి ఒరిగింది. ఇత్తడి పళ్ళెంలాంటి సింబల్ ఒకటి జారి స్టేజీ మీద పడింది. ఫైర్ ఇంజన్ రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందట. నీల్ స్టాండు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

అంతకుముందు వాయించిన బ్యాండు వాళ్ళ డ్రమ్ములు ఆ లిఫ్ట్ పక్కనే ఉన్నాయి, ఇంకా సర్దలేదు. జగన్మోహన్ కంచె దూకాడు. సెక్యూరిటీ వాళ్ళు గుర్తుపట్టి దారి ఇచ్చారు. నాలుగు దెబ్బలు వేసేసరికి స్టూలు కింద గాలి ఆడింది. ఏడాది తర్వాత. ఒంట్లో ఉన్న రక్తమంతా చేతుల్లోకి వచ్చినట్టయింది. పది అడుగులు, పదిహేను, ఇరవై. నీల్ పాక్కుంటూ వచ్చి వెనకనుంచి అతని మెడ కరుచుకున్నాడు.

“అంకుల్, కిందికి వెళ్ళాలి. ప్లీజ్.”

కానీ డ్రమ్ములు దిగడం లేదు. కింద ఐదు వేలమంది చప్పట్లు కొడుతున్నారు. జగన్మోహన్ తన జన్మలో ఇంత బాగా వాయించలేదు. ఇరవై ఐదు. ముప్పై. ఆపితే ఇద్దరూ రాయిలా పడతారు. ఆ అబ్బాయి కన్నీళ్ళు మెడ మీద వెచ్చగా తగిలాయి.

జగన్మోహన్ పళ్ళు బిగించి తాళం తప్పాడు.

ఎడమ చేతిని ఓ దారిన, కుడి కాలుని ఇంకో దారిన వదిలేశాడు. సింబల్ కొట్టాల్సిన చోట స్టిక్ గాల్లో ఆడించాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో ఈల వేసి వెక్కిరించారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒక్కో తప్పుకి ఒక్కో అడుగు. ఇక ఎప్పటికీ ఇంటర్నెట్‌లో ఉండిపోయే ఆ దరువుని ఓపిగ్గా, జాగ్రత్తగా పాడుచేసుకుంటూ, నీల్ బూట్లు స్టేజీకి ఆనేదాకా వాయించాడు.

విద్య జనాన్ని తోసుకుని వచ్చింది. “ఇంత ఘోరంగా నువ్వెప్పుడూ వాయించలేదు,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

డస్టిన్ వచ్చి, మిగతా మూడు పాటలకి కూర్చోగలవా అని అడిగాడు. ఎత్తు గ్యారంటీ ఇవ్వలేనన్నాడు జగన్మోహన్. అక్కర్లేదన్నాడు డస్టిన్. చేతులు అలిసిపోయి ఆ పూట రెండు అడుగులకి మించి లేవలేదు గానీ, బ్యాండులో ఆ స్టూలు మళ్ళీ అతనిదే అయింది.

నీల్ క్యారీకి విమానం ఎక్కనన్నాడు. బస్సులో రోజున్నర కూర్చుని ఇల్లు చేరాడు. కాలేజీ వాళ్ళు మళ్ళీ చేర్చుకున్నారు. వచ్చే ఏడాది డాక్టరవుతాడు. క్లినిక్ పెట్టడానికి ఇప్పటినుంచే చోటు వెతుకుతున్నాడు. గ్రౌండ్ ఫ్లోర్ అయితేనే చూపించమని ఏజెంట్‌కి గట్టిగా చెప్పాడు.